చిట్టెలుకను కోయకుండా క్యాన్సర్ గడ్డను చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో క్యాన్సర్ పరిశోధన గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా పిల్లలూ లెక్చరర్లూ అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. ఊళ్లో చుట్టాలు అడిగేవి కూడా కొన్ని కలిపాను. నేను పనిచేసేది జంతువులను స్కాన్ చేసే ల్యాబ్‌లో కాబట్టి, పుస్తకంలో దొరికే విషయాల కంటే రోజూ చేతుల మీదుగా జరిగే వాటి గురించే ఎక్కువ రాశాను.

అసలు ఈ పని ఏమిటి?

క్యాన్సర్ మందును మనిషికి ఇచ్చే ముందు జంతువుల్లో, ఎక్కువగా చిట్టెలుకల్లో, పరీక్షిస్తారు. చిట్టెలుక బరువు 20 నుంచి 25 గ్రాములు. అంత చిన్న ఒంట్లో గడ్డ ఎక్కడుంది, ఎంత పెరిగింది, మందు పడ్డాక తగ్గిందా, ఊపిరితిత్తులకు పాకిందా అన్నది కత్తి పెట్టకుండా బయటి నుంచే చూడటం మా పని. ఇందుకు వాడే పద్ధతులు చాలావరకు మీరు విన్నవే: సీటీ, ఎంఆర్ఐ, పెట్ స్కాన్, అల్ట్రాసౌండ్. వాటినే చిన్న ప్రాణికి తగినట్టు తయారుచేశారు. వీటికి తోడు మిణుగురు వెలుగుతో చూసే పద్ధతి ఒకటుంది. దాన్ని మనుషుల గడ్డలు చూడటానికి వాడరు.

ఎలుకను కోసి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది కదా?

తెలుస్తుంది. మైక్రోస్కోప్ కింద పెట్టిన గడ్డ ముక్కలో కనబడినంత వివరం ఏ స్కాన్‌లోనూ కనబడదు. ప్రయోగం చివర్లో ఆ పని ఇప్పటికీ చేస్తాం. కానీ ఈ వారం కోసిన ఎలుకను వచ్చే వారం మళ్లీ చూడలేం కదా.

ఒక లెక్క వేసి చూడండి. మందు ఇచ్చిన గుంపు ఒకటి, ఇవ్వని గుంపు ఒకటి, ఒక్కోదాంట్లో 8 ఎలుకలు. 5 వారాల పాటు వారానికోసారి గడ్డ ఎంతుందో తెలియాలి. కోసి చూడాలంటే వారానికి 16 చొప్పున మొత్తం 80 ఎలుకలు కావాలి. స్కాన్ చేస్తే మొదటి నుంచి చివరి దాకా అవే 16 సరిపోతాయి. 64 ప్రాణాలు మిగులుతాయి. ఇది ఒక్కటే లాభమైనా నేను ఈ దారినే పట్టమంటాను.

ఇంకో లాభం కూడా ఉంది. కోసే పద్ధతిలో మొదటి వారం చూసిన ఎలుకలు వేరు, రెండో వారం చూసినవి వేరు. చేతికి వచ్చేది సగటు మాత్రమే. మందు 6 ఎలుకల్లో బాగా పనిచేసి 2 ఎలుకల్లో అసలు పనిచేయలేదనుకోండి, ఆ సంగతి సగటులో కలిసిపోతుంది. అవే ఎలుకలను వారం వారం చూస్తే ఆ రెండింటిలో గడ్డలు మొదటి నుంచే మొండికేశాయా, లేక ముందు తగ్గి మళ్లీ పెరిగాయా అన్నది తేలుతుంది. క్యాన్సర్ తిరగబెట్టడం మనిషిలోనూ ఉన్న సమస్యే. అందుకే నా దృష్టిలో ఆ రెండు ఎలుకలే ఆ ప్రయోగంలో అన్నిటికంటే ముఖ్యమైనవి.

మనిషి క్యాన్సర్ ఎలుకలో ఎలా పెరుగుతుంది? దాని ఒళ్లు ఒప్పుకుంటుందా?

మామూలు ఎలుక ఒప్పుకోదు. దాని రోగనిరోధక శక్తి ఆ కణాలను చంపేస్తుంది. అందుకని రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి సరిగా ఏర్పడని, ఒంటి మీద వెంట్రుకలు లేని ఒక రకం ఎలుకలను వాడతారు. 1960లలో వీటిని మొదట గుర్తించారు, న్యూడ్ మైస్ అంటారు. వీటిలో మనిషి గడ్డ పెరుగుతుంది. అయితే రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టి పనిచేసే మందులను పరీక్షించడానికి ఇవి పనికిరావు. అప్పుడు మామూలు ఎలుకల్లో ఎలుక క్యాన్సర్ కణాలనే పెంచుతారు.

మిణుగురు వెలుగుతో గడ్డను చూడటమంటే ఏమిటి?

మిణుగురు ఒంట్లో లూసిఫరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. లూసిఫెరిన్ అనే పదార్థం, ఆక్సిజన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ దానికి అందినప్పుడు వెలుగు పుడుతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వానాకాలం రాత్రుళ్లు మీరు చూసే వెలుగు ఇలా పుట్టేదే. ల్యాబుల్లో ఎక్కువగా వాడే జన్యువు మాత్రం ఉత్తర అమెరికాలో ఉండే ఫొటైనస్ పైరాలిస్ అనే మిణుగురుది. ఆ జన్యువును శాస్త్రవేత్తలు 1985లో వేరుచేశారు. పదేళ్ల తర్వాత, 1995లో, క్రిస్టఫర్ కాంటాగ్ బృందం బతికున్న ఎలుక ఒంట్లో ఉన్న వెలిగే బ్యాక్టీరియాను బయటి నుంచి కెమెరాతో పట్టి చూపించింది. ఆ దారి తర్వాత క్యాన్సర్ పరిశోధనకు వచ్చింది.

ఇప్పుడు చేసేది ఇలా ఉంటుంది. జన్యువును ముందే క్యాన్సర్ కణాల్లో చేర్చి, ఆ కణాలను ఎలుకకు ఎక్కిస్తాం. కణం రెండుగా చీలినప్పుడల్లా జన్యువు కూడా రెండింటిలోకీ వెళ్తుంది. స్కాన్ రోజున ముందు ఎలుకను తూస్తాం. కిలో బరువుకు 150 మిల్లీగ్రాముల లూసిఫెరిన్ అన్నది అందరూ వాడే మోతాదు, అంటే 20 గ్రాముల ఎలుకకు 3 మిల్లీగ్రాములు. దాన్ని మిల్లీలీటరులో ఐదో వంతు ద్రవంలో కలిపి సన్నటి సూదితో పొట్టలోకి ఎక్కిస్తాం. ఐసోఫ్లురేన్ మత్తు ఇచ్చి, వెలుతురు చొరబడని పెట్టెలో వెచ్చటి పలక మీద వరసగా పడుకోబెడతాం. ఒక్కో దాని మూతికి మత్తు గొట్టం ఉంటుంది. పైన ఉండే కెమెరాను సుమారు మైనస్ 90 డిగ్రీల దాకా చల్లబరుస్తారు, లేకపోతే కెమెరా వేడి వల్ల పుట్టే చుక్కల్లో అసలు వెలుగు కలిసిపోతుంది. సూది వేసిన 10, 15 నిమిషాలకు వెలుగు గరిష్ఠానికి చేరుతుంది. ముందు మామూలు ఫొటో ఒకటి తీసి, తలుపు మూసిన చీకట్లో ఇంకోటి తీస్తాం. రెండోదాన్ని మొదటిదాని మీద పరిస్తే గడ్డ ఉన్న చోటు తెలుస్తుంది.

వెలుగుకు ఏటీపీ కావాలి కాబట్టి బతికున్న కణాలే వెలుగుతాయి. ఈ పద్ధతి బలం అదే. చేతికి తగిలే గడ్డ ఏర్పడక ముందే కొద్దిపాటి కణాలు కూడా బయటపడతాయి.

ఇక్కడొక ప్రమాదం ఉంది, కొత్తగా చేరిన వాళ్లకు ముందుగా ఇదే చెబుతాను. సూది మొన పొట్ట కుహరంలోకి కాకుండా పేగులోకి దిగితే లూసిఫెరిన్ రక్తంలోకి సరిగా చేరదు. ఆ రోజు వెలుగు తగ్గుతుంది. బొమ్మ చూసినవాళ్లు మందు అద్భుతంగా పనిచేసిందని సంబరపడతారు! అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టకుండా కొన్ని నిమిషాలకోసారి వరసగా తీసి, వెలుగు పెరిగి తగ్గే తీరు మామూలుగా ఉందా లేదా చూడాలి. అనుమానం వస్తే ఆ ఎలుక అంకెను ఆ రోజుకు పక్కన పెట్టి, మరుసటి రోజు మళ్లీ చేయాలి.

బొమ్మలో ఎర్రగా కనబడితే క్యాన్సర్ ముదిరినట్టా?

ఆ రంగులు నిజమైనవి కావు. కెమెరా లెక్కపెట్టేది వెలుగు కణాలను, అంటే ఫోటాన్లను. ఎక్కువ ఉన్నచోట ఎరుపు, తక్కువ ఉన్నచోట నీలం అని కంప్యూటర్ వేస్తుంది. ఎంతకు ఎరుపు మొదలవ్వాలన్నది మన చేతిలో ఉంటుంది. అదే ఎలుక బొమ్మను కొలమానం మార్చి భయంకరంగానూ చూపించవచ్చు, ఏమీ లేనట్టూ చూపించవచ్చు. పత్రికలోనో ప్రెజెంటేషన్‌లోనో మందుకు ముందు, మందుకు తర్వాత అని రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే, రెండింటికీ ఒకే కొలమానం వాడారా అని అడగండి. పక్కన రంగుల పట్టీ, దాని మీద అంకెలు లేని బొమ్మను నేను నమ్మను.

వెలుగు అంత లోపలి నుంచి బయటికి ఎలా వస్తుంది?

రాత్రి పూట అరచేతి కింద టార్చ్ పెట్టి చూడండి. చెయ్యి ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపు మిగులుతుంది. ఎలుకలోనూ అంతే. ఎర్రటి వెలుగు, దాని పక్కనే ఉండి కంటికి కనబడని పరారుణ కాంతి, సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉన్నవి, బాగా బయటికి వస్తాయి. అయినా ఒక సెంటీమీటరు లోతుకు వెలుగు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. చర్మం కింద గడ్డా, కాలేయం వెనక గడ్డా ఒకే పరిమాణంలో ఉన్నా ఒకేలా వెలగవు. మనిషి ఒంటికి ఈ పద్ధతి పనికిరాకపోవడానికి ఇది ఒక కారణం.

వెలుగుతో చూసే ఇంకో పద్ధతి ఫ్లోరసెన్స్. బయటి నుంచి ఒక రంగు కాంతి వేస్తే లోపలి అణువు ఇంకో రంగు కాంతిని తిరిగి ఇస్తుంది. జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చ ప్రోటీన్ ఈ రంగాన్నే మార్చేసింది, దానికి షిమోమురా, చాల్ఫీ, చెన్ అనే శాస్త్రవేత్తలకు 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. చిక్కేమిటంటే ఒంట్లోని మామూలు పదార్థాలు కూడా కొంత మెరుస్తాయి. మన పాడి రైతులు పశువులకు వేసే లూసర్న్ గడ్డి తెలుసు కదా, ఎలుకల మేతలో దాని పొడి కలుస్తుంది. అందులోని పత్రహరితం వల్ల ఎలుక పొట్ట మొత్తం మెరిసిపోయి గడ్డ కనబడకుండా పోతుంది. అందుకని స్కాన్‌కు కొన్ని రోజుల ముందే లూసర్న్ లేని మేతకు మారుస్తాం.

ఆస్పత్రిలో ఉండే సీటీ, ఎంఆర్ఐలో ఎలుకను పెట్టలేమా?

పెట్టవచ్చు, కానీ సరిపడా కనబడదు. ఎలుక ఊపిరితిత్తిలో ఒక మిల్లీమీటరు గడ్డ అంటే చిన్నది కాదు. ఎలుకలకు చేసిన మైక్రో సీటీ మిల్లీమీటరులో పదో వంతు, ఇరవయ్యో వంతు దాకా చూపిస్తుంది. ఎముకలు, ఊపిరితిత్తులు చూడటానికి ఇదే మేలు. మెదడు, కాలేయం లాంటి మెత్తటి భాగాలకు ఎంఆర్ఐ కావాలి. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆస్పత్రిలో 1.5 లేదా 3 టెస్లా అయస్కాంతం ఉంటే, ఎలుకల ఎంఆర్ఐ తరచుగా 7 లేదా 9.4 టెస్లా ఉంటుంది.

ఎలుక గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది, ఊపిరి కూడా మనకంటే ఎన్నో రెట్లు వేగంగా తీస్తుంది. ఛాతీని తీసేటప్పుడు బొమ్మ చెదిరిపోతుంది. ఊపిరి వదిలి ఆగే క్షణంలోనే బొమ్మలు పట్టుకునేలా మిషన్‌కు సెన్సర్ కలుపుతారు. సీటీలో ఎక్స్‌రే మోతాదు కూడా ఆలోచించాలి. వారానికి రెండుసార్లు చొప్పున నెలల తరబడి తీస్తే ఆ రేడియేషనే గడ్డ మీద, రోగనిరోధక శక్తి మీద పనిచేయవచ్చు. అప్పుడు తగ్గించింది మందా, ఎక్స్‌రేనా చెప్పలేం.

మరి అల్ట్రాసౌండ్?

రేడియేషన్ లేదు, త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. ఆస్పత్రిలో కంటే చాలా ఎక్కువ పౌనఃపున్యం, 20 నుంచి 50 మెగాహెర్ట్జ్ దాకా, వాడతారు. బొమ్మ సన్నగా వస్తుంది కానీ లోతుకు పోదు. ఎముక వెనక, గాలి నిండిన ఊపిరితిత్తి లోపల పనిచేయదు.

పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్, మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటేనా?

మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్తే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో ఎముకలు వంగిపోయిన మనుషులను ఇంట్లో చూసి పెరిగినవాళ్లు అడగడం న్యాయమే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మూలకం ఒకటే. బోరు నీళ్లలో ఉండేది స్థిరమైన ఫ్లోరిన్ 19. స్కాన్‌లో వాడేది ఫ్లోరిన్ 18, దాన్ని సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారుచేస్తారు. అది 110 నిమిషాలకు సగమవుతుంది, ఇంకో 110 నిమిషాలకు అందులో సగం. అలా తగ్గుతూ చివరికి స్థిరమైన ఆక్సిజన్‌గా మారిపోతుంది. క్యాన్సర్ స్కాన్‌లో ఈ ఫ్లోరిన్‌ను గ్లూకోజ్ లాంటి అణువుకు అతికిస్తారు, దాన్ని ఎఫ్‌డీజీ అంటారు. చాలా క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయి. ఎఫ్‌డీజీ లోపలికి వెళ్లి అక్కడే చిక్కుకుంటుంది, అక్కడి నుంచి వచ్చే కిరణాలను స్కానర్ పట్టుకుంటుంది.

ఫ్లోరోసిస్‌తో నిజంగా చుట్టరికం ఉన్న స్కాన్ ఇంకోటి ఉంది. ఫ్లోరిన్ 18ను చక్కెరకు అతికించకుండా సోడియం ఫ్లోరైడ్‌గానే ఎక్కిస్తే అది నేరుగా ఎముకల్లోకి పోతుంది. మన జిల్లాలో నీళ్ల ద్వారా జరిగిన రసాయన చర్యే ఇక్కడా జరుగుతుంది: ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జంట) ఉన్న చోట ఫ్లోరైడ్ వెళ్లి కూర్చుంటుంది. ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోట ఎక్కువగా చేరుతుంది. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఎముకకు పాకినప్పుడు ఎముక కరిగిపోయి మళ్లీ కట్టుకుంటుంది కాబట్టి ఆ చోట మెరుస్తుంది. ఎలుకల్లోనూ, మనుషుల్లోనూ దీన్ని వాడతారు.

భయం ఎందుకు అక్కర్లేదంటే, తేడా మోతాదులో ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు పాడవుతాయి. స్కాన్ సూదిలో ఉండే ఫ్లోరైడ్ బరువు ఒక్క గుక్క బోరు నీళ్లలో ఉండేదానికంటే కూడా ఎంతో తక్కువ. స్కాన్ వల్ల ఫ్లోరోసిస్ రాదు.

రేడియోధార్మిక పదార్థం అంటున్నారు. యురేనియం లాంటిదేనా? ల్యాబ్ చుట్టుపక్కల ఊళ్లకు ప్రమాదం లేదా?

లంబాపూర్, పెద్దగట్టు, ఆ తర్వాత నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవ చూసిన ప్రాంతం మనది. 2019లో రాష్ట్ర అసెంబ్లీ దానికి వ్యతిరేకంగా తీర్మానం కూడా చేసింది. కాబట్టి ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

యురేనియం 238 సగం కావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. ఫ్లోరిన్ 18కు 110 నిమిషాలు చాలు. 24 గంటలు గడిస్తే మిగిలేది మొదట ఉన్నదాంట్లో ఎనిమిది వేలో వంతు కంటే తక్కువ. ఎలుక పంజరంలో పరిచిన పొట్టు, వాడిన సూదులు, మూత్రం అన్నిటినీ సీసపు గోడల వెనక ఉంచి, మీటరుతో కొలిచి, మామూలు స్థాయికి వచ్చాకే బయటికి పంపిస్తాం. మా ఒంటి మీద బ్యాడ్జీ ఉంటుంది, అందులో మాకు పడిన మోతాదు నమోదవుతుంది. ఈ పనికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా ల్యాబ్ లోపల పనిచేసే మేము, సూది ఎక్కించే ఆ కొద్ది నిమిషాల్లో.

పెట్‌లో మెరిసిన ప్రతిదీ క్యాన్సరేనా?

కాదు. మెదడు, గుండె చక్కెరను ఎప్పుడూ తీసుకుంటాయి. ఎఫ్‌డీజీ మూత్రంలో పోతుంది కాబట్టి మూత్రాశయం ధగధగలాడుతుంది. చీము పట్టిన చోటు కూడా మెరుస్తుంది.

ఎలుకలో ఇంకో ఇబ్బంది ఉంది. మనకు హాయిగా ఉండే 22 డిగ్రీల ఏసీ గది ఎలుకకు చలి. దానికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. చలేస్తే మెడ వెనక, భుజాల మధ్య ఉండే గోధుమ రంగు కొవ్వు చక్కెరను మండించి వేడి పుట్టిస్తుంది. స్కాన్‌లో ఆ కొవ్వు రెక్కల్లా రెండు వైపులా వెలిగిపోయి, పక్కనే ఉన్న చిన్న గడ్డ దాని మెరుపులో మునిగిపోతుంది. అందుకని సూదికి ముందే పంజరాన్ని వెచ్చగా ఉంచుతాం, కొన్ని గంటలు మేత తీసేస్తాం, సూది తర్వాత గంటసేపు కదలకుండా మత్తులోనే ఉంచుతాం. కోట్ల రూపాయల స్కానర్ ఉన్నా, పొద్దున పంజరం కింద వెచ్చటి పలక ఆన్ చేయడం మరిచిపోతే ఆ రోజు బొమ్మలన్నీ వృథా. ఎలుకను సుఖంగా ఉంచడం దయ కోసమే అనుకుంటారు చాలామంది. ఫలితం సరిగా రావాలన్నా అది తప్పదు.

ఎలుకకు నొప్పి ఉండదా? ఇది పాపం కాదా?

స్కాన్‌లో నొప్పి సూది గుచ్చినప్పుడు మాత్రమే. మత్తులో కళ్లు మూసుకోవు కాబట్టి ఆరిపోకుండా జెల్ రాస్తాం. లేచేదాకా పక్కనే ఉంటాం. కానీ గడ్డ పెరగడం దానికి బాధే, లేదని చెబితే అబద్ధమవుతుంది.

మన దేశంలో జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. దాని కింద కేంద్ర కమిటీ ఉంది, ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ ఉండాలి. అందులో పశువైద్యుడు, బయటి సభ్యులు ఉంటారు. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఏ దశలో ఆపేస్తారు అన్నది రాసిచ్చి ఒప్పించాలి. బరువు ఐదో వంతు తగ్గినా, గడ్డ హద్దు దాటినా, ప్రయోగం పూర్తికాకపోయినా సరే, నొప్పి లేకుండా దాని బాధ ముగించాలి. జంతువు లేకుండా కుదిరితే అలా చేయాలి, తప్పకపోతే తక్కువ వాడాలి, వాడినవాటికి బాధ తగ్గించాలి అని రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లో చెప్పిన మాటే ఈ నియమాలకు పునాది. పాపమా కాదా అన్నది ఎవరి మనసుకు వారే చెప్పుకోవాలి. నా మటుకు నేను, 16తో అయ్యే పనికి 80 వాడటం మాత్రం తప్పకుండా తప్పే అంటాను.

ఎలుకలో గడ్డ మాయమైందని పేపర్లో చదివాం. మా నాయనకు ఆ మందు ఎప్పుడొస్తుంది?

ఈ ప్రశ్నకు గుండె రాయి చేసుకుని జవాబు చెప్పాలి. ఎలుకలో పనిచేసిన క్యాన్సర్ మందుల్లో చాలావరకు మనిషి దాకా రావు. వచ్చేవాటికీ ఏళ్లు పడుతుంది. ఎలుక గడ్డ కొన్ని వారాల్లో పెంచినది, మీ నాయన ఒంట్లోది ఏళ్ల తరబడి మారుతూ వచ్చినది. ఆ వార్త కోసం ఆగి ఇప్పుడున్న చికిత్సను ఒక్క వారం కూడా వాయిదా వేయకండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు, బయాప్సీ స్లైడ్లు వెంట తీసుకుని వెళ్లండి. కొత్త మందు మనుషుల్లో పరీక్ష దశకు వచ్చిందేమో మీ డాక్టరునే అడగండి. అలాంటి పరీక్షలో చేరడానికి రోగి డబ్బు కట్టాల్సిన పని ఉండదు. ఎవరైనా అడిగితే అనుమానించండి.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

జువాలజీ ఒక్కటే దారి అనుకోవద్దు. ఫిజిక్స్ వాళ్లు స్కానర్ల వైపు, కెమిస్ట్రీ వాళ్లు ఎఫ్‌డీజీ లాంటి పదార్థాల తయారీకి, కంప్యూటర్స్ వాళ్లు బొమ్మల లెక్కలకు, వెటర్నరీ వాళ్లు ఎలుకల ఆరోగ్యానికి కావాలి. నిజం చెప్పాలంటే అన్నిటికంటే కరువు ఎలుకను బెదరకుండా పట్టుకోవడం తెలిసిన టెక్నీషియన్లకే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగ జంతువుల సంరక్షణలో శిక్షణ ఇస్తుంది. ఉప్పల్ రోడ్డులో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి ఆక్ట్రెక్ క్యాన్సర్ పరిశోధన చేస్తాయి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో పీజీ చేసేవాళ్లు రెండో ఏడాది ప్రాజెక్టు కోసం ముందుగానే ఇలాంటి చోట్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి.

మా కాలేజీలో ఎలుకల మీద ఇది చేసి చూడవచ్చా?

వద్దు. అనుమతి లేకుండా చేయడం చట్టవిరుద్ధం, చేయాల్సిన అవసరమూ లేదు. నేర్చుకోవాల్సిన పనిలో సగం కంప్యూటర్ ముందే ఉంటుంది. బొమ్మలను కొలిచే ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో ఎలుకల స్కాన్లు కూడా ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. ఒక ఎంఆర్ఐ తెరిచి, పొర పొరలో గడ్డ అంచు గీసి, మొత్తం పరిమాణం లెక్కకట్టండి. అదే స్కాన్‌ను మీ పక్కనున్న స్నేహితురాలికి ఇచ్చి, మీ అంకె చెప్పకుండా ఆమెతోనూ కొలిపించండి. రెండు అంకెల మధ్య తేడా పదో వంతు కంటే ఎక్కువ వస్తే ఇద్దరూ కూర్చుని ఏ పొరలో అంచు దగ్గర విడిపోయారో వెతకండి. మేమూ కొత్తవాళ్లకు మొదటి నెలంతా ఇదే పని ఇస్తాం.